జెలికా తుంటి కేసు

ఆన్స్-గ్రీజ్, న్యూ బ్రన్స్‌విక్, కెనడా
2003 మార్చి

మరదలు అల్బెనీకి,

నా పేరు జెలికా దుగే. ప్లాసిద్ కూతురు జెలికా అంటేనే ఈ ఊళ్ళో తెలుస్తుంది. వయసు డెబ్బై ఎనిమిది. మొగుణ్ణి మట్టి చేసి చాలా కాలమైంది. ఇంట్లో నేనూ, ఒక చెవిటి పిల్లీ, మేడ మీద గదిలో అద్దెకుండే తెయోతిమూ ఉంటాం. ఇవన్నీ నీకు తెలియవని కాదు. ఈ ఉత్తరం రేపు ఆఫీసువాళ్ళకి చూపించాల్సి రావచ్చు. అందుకని సరైన కాగితంలాగా మొదలుపెట్టమన్నాను. రాస్తున్నది తెయోతిమే. పోస్టాఫీసులో రిటైరైన మనిషి, దస్తూరీ గుండ్రంగా ఉంటుంది. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తానని మేరీమాత మీద ఒట్టేశాడు.

నా కుడి తుంటి సంగతి నీకు తెలుసు. మూడు శీతాకాలాలుగా ఆ వైపు తిరిగి పడుకోలేను. మేజోడు తొడుక్కోవాలంటే మంచం మీద దొర్లాలి. గుళ్ళో మోకరిల్లితే లేవడానికి ఎవడో ఒకడు చెయ్యివ్వాలి. ఫొటోలు తీశారు, సూదులు వేశారు. "మీ వయసుకి మీ ఎముక బాగానే ఉందమ్మా" అన్నాడు డాక్టరు. బాగుంటే ఇలా పొడుస్తుందేం నాయనా అంటే గోడ మీద గడియారం కేసి చూశాడు.

అక్కడ నర్సు నన్ను నదేజ్ అనే ఆవిడ దగ్గరికి పంపింది. ఫిజియోథెరపిస్ట్. గురువారం గురువారం వస్తుంది. తుంటి చూస్తుందనుకుంటే, "తుమ్మితే ఒంటేలు పడుతుందా?" అని అడిగింది. లేచి కోటు వేసుకున్నాను. "పడుతుందన్నమాట" అంది, కుర్చీలోంచి కదలకుండా. మళ్ళీ కూర్చున్నాను.

తరవాత చేతికి తొడుగు వేసుకుని లోపల పరీక్ష చేసింది.

(ఈ మాట రాయనన్నాను. రాయకపోతే వచ్చే నెల గది ఖాళీ చెయ్యమన్నారు జెలికమ్మ గారు. రాశాను. – తె.)

లోపల ఒకచోట వేలితో నొక్కింది. అల్బెనీ, అదే నొప్పి! నా తుంటి నొప్పే, ఆవగింజంత తేడా లేదు. తుంటి ఎముక లోపలి గోడకి ఒక కండరం ఉంటుందట. కాళ్ళ సందున ఉయ్యాలగుడ్డలా వేలాడే కండరాలు దాన్నే పట్టుకుని ఉంటాయట. నాలో ఆ ఉయ్యాలగుడ్డ పేనిన తాడులా బిగుసుకుపోయిందట. "ఏం పని చేశావమ్మా?" అని అడిగింది. లాబ్‌స్టర్ ఫ్యాక్టరీలో తోకలు విరిచి మాంసం తీశానని చెప్పాను. "బాత్రూంకి ఎప్పుడు వెళ్ళేదానివి?" అంది. నవ్వొచ్చింది నాకు. ఆ తరవాత నవ్వు రాలేదు.

ఈ నొప్పి ఫ్యాక్టరీ పని వల్లే వచ్చిందని నష్టపరిహారం ఆఫీసులో కేసు పెట్టాను. ఆఫీసు నుంచి ఒక కుర్రాఫీసరు వచ్చి వంటింట్లో కూర్చున్నాడు. టీ ఇచ్చాను.

"లైన్లో పని చేస్తుండగా మిమ్మల్ని బాత్రూంకి వెళ్ళనివ్వలేదామ్మా?"

"నన్నా? నేను అడిగితేగా! బయటికి పోవాలంటే పట్టుకెళ్ళాల్సిన ఎర్ర చెక్కబిళ్ళని అన్నేళ్ళలో ఒక్కనాడు ముట్టలేదు. ఇనప జెలికా అనేవాళ్ళు నన్ను."

వాడు నా కేసి మహా సంతోషంగా చూసి అదే రాసుకున్నాడు. కాగితం వచ్చింది. వెళ్ళడానికి అడ్డేమీ లేదని నేనే ఒప్పుకున్నానట, నొప్పి వయసుదట. నా నోటితో నేనే కేసు పాతిపెట్టాను.

జూన్‌లో మళ్ళీ విచారణ. అదీ పోతే నదేజ్ దగ్గరికి పంపడం ఆపేస్తారు. ఆవిడ చెయ్యి పడ్డాక మొన్న మొదటిసారి నా మేజోడు నేనే తొడుక్కున్నాను. దాన్ని వదులుకోను. ఎర్ర బిళ్ళ ముట్టకపోవడమంటే ఏమిటో ఎవరో ఒకరు వాళ్ళకి విప్పి చెప్పాలి. లైన్లో నాకు ఎదురుగా నిలబడ్డది నువ్వు. మిగతావాళ్ళు పోయారు, ఉన్నవాళ్ళ పిల్లలు ఇంకా ఆ ఫ్యాక్టరీలోనే ఉన్నారు. నువ్వు రావాలి.

జెలికా వేలిముద్ర
రాసిన సాక్షి: తెయోతిమ్ సవోయ్


మాంక్టన్
2003 ఏప్రిల్ మొదటి వారం

జెలికా వదినకు, చదివి వినిపిస్తున్న తెయోతిమ్ గారికి నమస్కారాలతో,

ఉత్తరం అందింది. ఇక్కడ మంచు కరిగి వీధులన్నీ బురద. మా అమ్మాయి కొత్త సోఫా కొంది, తెల్లది. ఎవరినీ సరిగా కూర్చోనివ్వదు. నేను నా కుర్చీలోనే కూర్చుంటాను. బింగోకి వెళ్ళడం మానేశాను. హాలు చలి.

నా ఎడమ తుంటికి ఆపరేషన్ ఖాయమైంది. మే నెలాఖరున. కీలు తీసి కొత్తది పెడతారు. పెద్ద డాక్టరు, చేతులు చాలా శుభ్రంగా ఉంటాయి. కాబట్టి జూన్‌లో నేను ప్రయాణాలు చెయ్యలేను.

ఫ్యాక్టరీ సంగతులు నాకు అంతగా గుర్తులేవు వదినా. బిళ్ళ ఒకటి ఉండేదని మాత్రం గుర్తు. మేకుకి వేలాడేది. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకునేవాళ్ళనుకుంటాను. అవన్నీ ఇప్పుడు తవ్వుకోవడం దేనికి? అందులోనూ అటువంటి విషయాలు ఒక మగమనిషి చేత రాయించడం నాకేమీ బాగా లేదు. బడిలో సిస్టర్లు మనకి ఇంతకంటే మర్యాద నేర్పారు. నువ్వు బడికి రాలేదనుకో, అది వేరే సంగతి.

మోకాలికి ఆముదం రాసుకో.

నీ మరదలు,
అల్బెనీ


ఆన్స్-గ్రీజ్
2003 ఏప్రిల్

అల్బెనీకి,

నేను జెలికా దుగేని, వయసు డెబ్బై ఎనిమిది, పిల్లీ తెయోతిమూ అలాగే ఉన్నారు.

మోకాలికి ఆముదమా? నేను మోకాలని ఎక్కడ చెప్పానే!

గుర్తులేదా నీకు? నన్ను గుర్తు చెయ్యమంటావా? పొడుగాటి బల్లకి అటు పదిహేను మంది, ఇటు పదిహేను మంది. కింద తడిసిన సిమెంటు. రబ్బరు బూట్లు, రబ్బరు గౌను, మోచేతుల దాకా తొడుగులు. బల్ల చివర మేస్త్రమ్మ, ఆవిడ తల వెనక మేకు, మేకుకి ఒకే ఒక్క ఎర్ర చెక్కబిళ్ళ. ముప్ఫై మంది ఆడాళ్ళకి ఒక్క బిళ్ళ. అది మేకు మీద లేకపోతే ఇంకొకత్తె కదలకూడదు. ఉంటే మాత్రం ఎవత్తె తీస్తుంది? కడుపుతో ఉన్నవాళ్ళకి వదిలేసేవాళ్ళం. అది మనం పెట్టుకున్న కట్టుబాటు, ఫ్యాక్టరీవాడిది కాదు. మిగతా వాళ్ళలో తీసినదాన్ని వారం రోజులు 'చిల్లు బకెట్టు' అని పిలిచేవాళ్ళం. నువ్వూ పిలిచావు, నేనూ పిలిచాను.

ఎలా నిలబడేవాళ్ళమో గుర్తుందా? నేను కుడి తుంటి మీద బరువేసి, కాలు మీద కాలు మెలేసి. నువ్వు ఎడమ తుంటి మీద. మెషీన్ల గోలలో మాటలు వినపడాలని ఇద్దరం ఒకే వైపు వాలేవాళ్ళం. ఇప్పుడు నాది కుడి, నీది ఎడమ. దీన్ని ఏమంటావు? చలి వల్ల అంటావా?

నదేజ్‌కి చెప్పాను, "నేను రోజూ బిగించి వదిలే వ్యాయామం చేస్తున్నాను, టీవీలో చెప్పారు" అని. బంగాళాదుంపలు ఒలుస్తూ బిగిస్తాను, జపమాల తిప్పుతూ బిగిస్తాను. ఆవిడ తల పట్టుకుంది.

"జెలికమ్మా, బిగించడం నీకు రానిది కాదు. నీకు రానిది వదలడం. అసలే బిగుసుకుపోయినదాన్ని ఇంకా బిగిస్తున్నావు."

"మరి టీవీలో?"

"వదులైపోయినవాళ్ళకి అది. నువ్వు ఈ జన్మకి సరిపడా బిగించేశావు."

ఇప్పుడు వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు పక్కలకి వాల్చి, ఊపిరి కడుపు కింద దాకా దించమంటుంది. దింపుతూ కిందంతా జారవిడవాలట. ఎంత కష్టమో చెప్పలేను. ఒళ్ళు మాట వినదు. మొదటి రోజు ఏడుపొచ్చింది నాకు, దేనికో తెలీదు. నదేజ్ కిటికీ కేసి తిరిగి కూర్చుంది, అంత వరకే.

ఇంకో మాట. నువ్వు బింగో మానేశావన్నావు. మంచు తుఫానులో ట్రాక్టరెక్కి బింగోకి పోయిన మనిషివి. తెల్ల సోఫా మీద కూర్చోనన్నావు. హాలు చలా, అల్బెనీ? ఆ శుభ్రమైన చేతుల డాక్టరు నిన్ను తుమ్ము గురించి అడిగాడా?

(జెలికమ్మ గారు నన్ను రెండుసార్లు వంటింట్లోంచి తరిమి మళ్ళీ పిలిచారు. – తె.)

జెలికా వేలిముద్ర
రాసిన సాక్షి: తెయోతిమ్ సవోయ్


మాంక్టన్
2003 ఏప్రిల్ చివర

వదినా,

నీ ఉత్తరం నాకంటే ముందు మా అమ్మాయి చేతిలో పడింది. భోజనాల దగ్గర పైకి చదివింది. అల్లుడు ఫ్రికో పులుసు తింటున్నవాడు చెంచా దించేశాడు. నేను లేచి నా గదిలోకి వెళ్ళిపోయాను.

ఇకమీదట ఇటువంటివి రాయించకు. నా కీలు అరిగిపోయింది. ఫొటోలో కనపడుతోంది. మే నెలాఖరున మార్చేస్తారు. అంతటితో సరి.

నా పరుపు మీద ప్లాస్టిక్ షీటు సంగతి నీకు ఎవరు మోశారో నాకు తెలుసుకోవాలని కూడా లేదు. నువ్వు సాక్ష్యం కోసం నన్ను గుచ్చుతున్నావు. నేను రాను.

అల్బెనీ


ఆన్స్-గ్రీజ్
2003 మే

అల్బెనీ,

ప్లాస్టిక్ షీటు సంగతి నాకెవరూ చెప్పలేదు. నేను రాయించిన కాగితంలో ఆ మాట లేదు. ఇప్పుడు నువ్వే చెప్పావు.

ఇది రాస్తున్నది నదేజ్. తెయోతిమ్‌ని బయట కట్టెలు పేర్చమన్నాను. అలిగాడు, పేరుస్తున్నాడు. ఈ ఉత్తరం మీ పక్కింటావిడ పేరు మీద పంపిస్తున్నాను. నీ చేతికే ఇస్తుంది. ఎక్కడైనా తలుపు వేసుకుని చదువుకో.

కేసు సంగతి వదిలెయ్. రావొద్దు. సాక్ష్యం కోసమే మొదలుపెట్టాను, నిజమే. అబద్ధం ఎందుకు? ఇప్పుడు అందుకు కాదు. నీ ఉత్తరం విన్నప్పటి నుంచీ ఒకచోట కూర్చోలేకుండా ఉన్నాను. పొయ్యి దగ్గరికి పోతాను, ఎందుకొచ్చానో తెలీదు. కిటికీ దగ్గరికి పోతాను. నదేజ్ జారవిడవమంటే ఈ వారం అస్సలు కుదరలేదు. కిందంతా కట్టెలా బిగుసుకుంది. "ఏం జరిగిందమ్మా?" అని అడిగితే నీ సంగతి చెప్పాను. తిట్టకు. ఆ గది దాటి మాట పోదు.

నదేజ్ చెప్పింది ఇది, నేను కలిపిందేమీ లేదు. నీ కీలు నిజంగానే అరిగి ఉండవచ్చట. ప్రతి తుంటి నొప్పీ కింది కండరాలదే కాదట. రెండూ కలిసీ ఉండవచ్చట. కానీ కీలు మార్చాక కూడా కింద బిగువు అలాగే ఉంటే, నొప్పీ తడీ రెండూ మిగిలిపోవచ్చట. అందుకని కోత పెట్టకముందే డాక్టరుకి చెప్పాలి. మాంక్టన్‌లో కూడా తనలాంటివాళ్ళు ఉన్నారట. పేరు కింద రాసింది.

నేనొకటి చెప్తాను, నదేజ్‌కి కూడా ఇంతవరకూ చెప్పలేదు, ఇప్పుడు రాస్తూ వింటోంది. మా తమ్ముడు, నీ మొగుడు, పోయిన రోజున గుళ్ళో నేను చివరి దాకా నిలబడే ఉన్నాను. చూశావా, జెలికా కంట తడి లేదు, వెన్ను వంచలేదు అని ఊరంతా చెప్పుకున్నారు. గౌరవమని కాదు అల్బెనీ. బల్ల మీద కూర్చుంటే మచ్చ పడుతుందని. వాడి శవపెట్టె ఎదురుగా ఉంది, నేనేమో నా గౌను వెనకభాగం గురించి ఆలోచిస్తున్నాను. నువ్వు ముందు వరసలో ఉన్నావు. నువ్వూ కూర్చోలేదు. అప్పుడు నాకు తట్టలేదు.

నీకు బుద్ధి చెప్పే పెద్దరికం నాకు లేదు. చదువూ రాదు. ఒక్క మాట అడుగుతున్నాను. ఆ డాక్టరుకి చెప్పు. చెప్పాక నాతో మాట్లాడకపోయినా సరే.

జెలికా


మాంక్టన్
2003 మే చివర

వదినకు,

నదేజ్ గారూ, దయచేసి మీరే చదివి వినిపించండి. తెయోతిమ్ గారిని కట్టెల దగ్గరికి పంపండి.

చెప్పాను. డాక్టరు బల్ల మీద కాగితం సర్దుతూ, "అది నా విభాగం కాదండీ" అన్నాడు. నేను బయటికి వచ్చేసి, లిఫ్ట్ దగ్గర నిలబడి, మళ్ళీ లోపలికి వెళ్ళాను. వదినా, నువ్వైతే ఏం చేసేదానివో ఊహించుకుని వెళ్ళాను. "మీ విభాగానికీ నా విభాగానికీ మధ్య బెత్తెడు దూరం. మీ కోత అక్కడి దాకా పోదని రాసిస్తారా?" అని అడిగాను. నా నోట్లోంచి అంత మాట వచ్చినందుకు నాకే చెమట పట్టింది. ఆయన ఎరుపెక్కి, నదేజ్ గారు రాసిన ఆవిడ పేరు మీదే చీటీ ఇచ్చాడు.

ఆవిడ చూసింది. అరుగుదల నిజమే. బిగువూ నిజమే. ఆపరేషన్ శీతాకాలం దాకా వాయిదా వేశారు. ముందు ఇది చూద్దామన్నారు. వేలితో నొక్కినప్పుడు నేను నీ పేరు పెట్టి తిట్టాను, క్షమించు. ఆవిడ, "ఎవరండీ జెలికా?" అని అడిగింది. "మా వదిన, రాక్షసి" అన్నాను.

మా అమ్మాయికి కూడా చెప్పేశాను. అది లోపలికి వెళ్ళి ఒక టవలు తెచ్చి, మడత పెట్టి, తెల్ల సోఫా మీద పరిచి, "ఇక్కడ కూర్చోమ్మా, సీరియల్ మొదలవుతోంది" అంది. అంతే.

నాకు అన్నీ గుర్తున్నాయి. కొరీన్ గుర్తుందా నీకు? కొత్త పెళ్ళికూతురు, బిళ్ళ తీసుకుని వెళ్ళింది. ఆ తొడుగులూ గౌనూ విప్పి, మళ్ళీ వేసుకుని వచ్చేసరికి మేస్త్రమ్మ లైన్ ఆపేసి ఉంది. మనందరం చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాం. "కొరీన్ దయవల్ల మీరంతా ఈ సాయంత్రం ఆలస్యంగా ఇంటికి పోతారు" అని మైకులో చెప్పింది. మరునాటి నుంచి కొరీన్ పొద్దున నీళ్ళు తాగడం మానేసింది. మనమందరమూ మానేశాం. బిళ్ళ మేకు మీదే ఉంది. ఎవరూ అడ్డుపెట్టలేదు. అదీ వాళ్ళకి చెప్పాల్సింది.

బస్సులో మూడు గంటల పైన ప్రయాణం. భయంగానే ఉంది. రెండుచోట్ల ఆపుతాడట. ఆపకపోతే ఆపిస్తాను. నాకు పక్క దక్షిణం కిటికీ వైపు వెయ్యి. షీటు నేనే తెచ్చుకుంటాను.

అల్బెనీ


ఆన్స్-గ్రీజ్
2003 జూలై

కేసు విన్న ముగ్గురు పెద్దలకు,

నా పేరు జెలికా దుగే. ప్లాసిద్ కూతుర్ని. వయసు డెబ్బై ఎనిమిది. ఇంట్లో నేను, పిల్లి, అద్దెకుండే తెయోతిమ్ సవోయ్, ఈ మధ్య నుంచి మా మరదలు అల్బెనీ. నాకు చదువు రాదు. జూన్ విచారణలో జరిగిందంతా రాసి మీరు పంపిన కాగితం మా మరదలు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించింది. అందులో ఒక తప్పు ఉంది. అది దిద్దాకనే మీరు తీర్పు చెప్పాలి.

మా మరదలు సాక్ష్యం చెప్పింది. ఒక్క బిళ్ళ, కొరీన్, మైకు, నీళ్ళు మానడం, అన్నీ. అవి మీ కాగితంలో సరిగానే ఉన్నాయి. అప్పుడు ఫ్యాక్టరీ తరఫు వకీలు లేచి ఇలా అడిగాడు:

"అమ్మా, మిమ్మల్ని ఎవరైనా చెయ్యి పట్టుకుని ఆపారా? వెళ్ళొద్దని ఒక్కరైనా అన్నారా?"

"అనలేదు" అంది.

"తలుపుకి తాళం వేశారా?"

"లేదు."

"మరి లేచి వెళ్ళకపోవడం మీ ఇష్టమే కదా?"

అంతవరకూ సరే. ఆ తరవాత మీరు "స్వల్ప విరామం" అని రాశారు. అది విరామం కాదు. అక్కడ జరిగింది నేను చెప్తాను, రాసుకోండి.

మా మరదలు కుర్చీలోంచి లేచింది. మధ్యలో కూర్చున్న తెల్ల మీసాల పెద్దాయనతో, "అయ్యా, నేనొకసారి బయటికి వెళ్ళిరావాలి" అంది. ఆయన చెడ్డవాడు కాదు. చాలా మర్యాదగా, "ఈ ఒక్క ప్రశ్నా అయిపోనివ్వండమ్మా, కాస్త ఓర్చుకోండి" అన్నాడు.

మా మరదలు "సరేనండీ, క్షమించండి" అని మళ్ళీ కూర్చుంది. కూర్చుని కాలు మీద కాలు మెలేసింది. ఎడమ తుంటి మీద బరువు వేసింది. చేతులు బల్ల మీద పెట్టి, జవాబు చెప్పడానికి నోరు తెరిచింది.

అప్పుడు నేను అరిచాను. అరవడం తప్పని పెద్దాయన అన్నారు, ఒప్పుకుంటాను. "చూడండయ్యా! తాళమేదీ? చెయ్యి పట్టిందెవరు? కూర్చుంది కదా!" అన్నాను. వకీలు కాగితాల్లోకి చూశాడు. పెద్దాయన మొహం మారింది. ఆయన లేచి నిలబడి, "వెళ్ళిరండమ్మా" అన్నారు. నేను కూడా వెళ్ళాను. నాకు అవసరమై కాదు, దాని పక్కన నడవడానికి. తలుపు దగ్గర అల్బెనీ నా చెవిలో, "చిల్లు బకెట్లమే వదినా" అంది. ఇద్దరం వసారాలో గోడ పట్టుకుని నవ్వాం. ఆ నవ్వుకి దానికి ఒంటేలు ఆగలేదు. అదీ రాసుకోండి. ఈ మాట రాయించమని అల్బెనీయే నా పక్కన కూర్చుని చెప్తోంది.

మేము చెప్పింది మీరు నమ్మకపోవచ్చు. ముసలివాళ్ళం, ఎప్పటి సంగతులో చెప్తున్నాం. కానీ అల్బెనీ మళ్ళీ కూర్చోవడం మీరు ముగ్గురూ చూశారు. చూసినదాన్ని విరామం అని రాయడానికి వీల్లేదు.

నదేజ్ చికిత్స ఆపకూడదని అడుగుతున్నాను. నాకు ఒక్కదానికే కాదు. మా మరదలు తన పేరు మీద వేరే కేసు వేస్తోంది, ఆ కాగితం దీనితోనే జతపరిచింది. నిన్న కొరీన్ కూతురు ఇంటికి వచ్చి, వాళ్ళమ్మకీ ఇలా కేసు వెయ్యొచ్చా అని అడిగి వెళ్ళింది.

పైన చెప్పిందంతా నేను చెప్పినదే, నాకు చదివి వినిపించారు, సరిగ్గా ఉంది.

జెలికా దుగే, కుడి బొటనవేలి ముద్ర

సాక్షులు:
అల్బెనీ దుగే, మరదలు, ఎదురుగా నిలబడి పనిచేసినది
నదేజ్ ఫెరోన్, ఫిజియోథెరపిస్ట్
తెయోతిమ్ సవోయ్, రాసినవాడు, ఒక్క మాటా వదలకుండా